వేవ్ ఫైల్లో మా మామ

ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక పెద్దాయన ఫోనుకు కొత్త అద్దం అతికిస్తున్నాను. అద్దం కింద గాలి బుడగ చేరకుండా ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని అది. అందుకని నా ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచాను.

"అన్నా, నేను గుర్తుండానా? పెద్ద సైజు పాటల అమ్మాయిని" అంది అవతలి గొంతు.

బుడగ చేరనే చేరింది. పెద్దాయన నా మొహం వంక చూశాడు. నేను నవ్వుతున్నాను.

గుర్తుండకపోవడం ఏమిటి? తిరుపతి బస్టాండు వెనక సందులో నాదొక చిన్న అంగడి. ఇప్పుడు కవర్లు, చార్జర్లు, అద్దాలు అమ్ముతాను గానీ పదిహేనేళ్ల కిందట మాత్రం దాని ముందు "మెమరీ కార్డుకు పాటలు ఎక్కించబడును" అని బోర్డు ఉండేది. కొండ దిగి వచ్చిన వాళ్లు గుండు మీద చందనం ఆరకముందే నా అంగడి ముందు నిలబడేవాళ్లు. లారీ డ్రైవర్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు, నర్సింగ్ చదివే పిల్లలు, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్ని పాటలు పడతాయి?" ఎక్కువ పట్టాలంటే ఒక్కో పాటనూ నొక్కి చిన్నది చేయాలి. ఆ నొక్కే విద్యలో నన్ను మించినవాడు ఆ సందులో లేడు.

ఒక్క అమ్మాయి మాత్రం అడ్డంగా అడిగేది. మహిళా యూనివర్సిటీలో చదివేది. కార్డు నా చేతికిచ్చి, "పాటలు తక్కువైనా పర్వాలేదన్నా, పెద్ద సైజువే వెయ్యి. చిన్న సైజులో తంబూరా వినపడదు" అనేది. పిల్లకు కొంచెం పిచ్చి ఉందేమో అనుకునేవాణ్ణి.

ఆ పిల్ల ఇప్పుడు చిత్తూరు అవతల ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్. కంప్యూటర్లకు శబ్దం ఎలా అర్థమవుతుందో పాఠం చెబుతుందట.

"మా పిల్లోళ్లకు నువ్వొచ్చి ఒక గంట మాట్లాడాల అన్నా. డిజిటల్ సంగీతం ఫైల్ ఫార్మాట్ల భవిష్యత్తు, అదీ టాపిక్కు."

"భవిష్యత్తు కావాలంటే మా సందు చివర చెయ్యి చూసి చెప్పే ఆయన ఉండాడమ్మా, ఆయన నెంబరు ఇస్తా" అన్నాను.

"నవ్వులాట కాదన్నా. భవిష్యత్తు చెప్పేవాళ్లు మా కాలేజీలో శానామంది ఉండారు. పాటల్ని చేత్తో ఎక్కించినోళ్లు ఒక్కరు గూడా లేరు."

ఆ మాటతో నేను పడిపోయాను. పెద్దాయన అద్దం తీసి మళ్లీ అతికించాను. రెండోసారీ బుడగే. మూడోసారికి గానీ అద్దం సరిగ్గా అతకలేదు.

ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపి నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"నువ్వా? భవిష్యత్తా? పొద్దున పొయ్యి మీద పాలు పొంగిపోతా ఉంటే ఎదురుగా నిలబడి సూస్తా ఉండినావు. రెండు నిముషాల భవిష్యత్తే నీకు తెలీలేదు గదయ్యా!"

అలా అన్న మనిషే రాత్రి అయ్యేలోపల సందులో ప్రతి ఇంటికీ ఈ వార్త చేరవేసింది. మర్నాడు ఇస్త్రీ చేసే ఆయన నా తెల్ల చొక్కా ఇస్తూ "ఉపన్యాసమంటనే?" అని అడిగాడు. పాలవాడు కూడా అడిగాడు.

పది రోజులు నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. అంగడికి వచ్చిన ప్రతివాడికీ ఉపన్యాసం చెప్పి చూశాను. చార్జర్ కోసం వచ్చిన చంద్రగిరి రైతు ఒకాయన, "ఫార్మాట్ అంటే ఏందప్పా?" అని అడిగాడు. ఆయనకు తెలిసిన మాటల్లో చెప్పాలి కదా. "పాటను మూటగట్టే పద్ధతి అప్పా. వేవ్ అని ఒకటుండాది. అంటే చెరుకును గడలు గడలుగానే లారీకి ఎత్తేది. ఏమీ పోదు, కానీ లారీ నిండిపోతాది. ఎంపీత్రీ అంటే గానుగాడించి, పిప్పి పారేసి, బెల్లం జేసి పంపేది. చిన్న మూటలో సరిపోతాది" అన్నాను. ఆయన ఆలోచించి, "పిప్పితో మాకు శానా పనులుండాయి గదప్పా" అని వెళ్లిపోయాడు. నేను నా నోట్సులో బెల్లం సంగతి రాసుకున్నాను. పిప్పి సంగతి రాసుకోలేదు.

మాటలతో గంట గడవదని తెలుసు. ఒకే పాటను చిన్న సైజులో ఒకసారి, పెద్ద సైజులో ఒకసారి వినిపించాలనుకున్నాను. సినిమా పాటలు వద్దనిపించింది. అప్పుడు మా అత్త గుర్తొచ్చింది.

మా మేనత్త హరికథలు చెప్పేది. కార్వేటినగరం దగ్గర పల్లె వాళ్లది. మా వైపు ఊళ్లలో భారతం జరిగితే పద్దెనిమిది రోజులు జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. పదిహేనేళ్ల కిందట వాళ్ల ఊళ్లో జరిగినప్పుడు అత్త కథను పట్టుకోవాలని నేను ఒక చిన్న రికార్డరు కొనుక్కుని వెళ్లాను. దాంట్లో సెట్టింగులు ఏవో ఉన్నాయి, నాకు అర్థం కాలేదు, అలాగే వదిలేశాను. అది వేవ్‌లో రికార్డు చేస్తోందని నాకు తెలియదు. ఒక్క మధ్యాహ్నానికే కార్డు నిండిపోయింది. మిగిలిన పదిహేడు రోజులూ రికార్డరు జేబులో పెట్టుకుని తిరిగాను. తిరుపతికి వచ్చాక ఆ ఒక్క రోజు కథనే నొక్కి చిన్నది చేసి, అడిగిన వాళ్లందరి కార్డుల్లోకీ ఎక్కించాను. అసలు ఫైలును మాత్రం ఎందుకో చెరిపేయలేదు. పాత హార్డ్ డిస్కులో అలాగే పడి ఉంది.

అత్తకు ఫోన్ చేసి, కాలేజీలో నీ కథ వినిపిస్తాను అన్నాను.

"నా గొంతు చిత్తూరు దాకా పోతా ఉంటే నేను ఇంట్లో కూర్చోని పప్పు రుబ్బుకుంటా ఉండాల్నా? నేనూ వస్తా" అంది.

వెనక నుంచి మామ గొంతు: "నేనూ వస్తాండానని చెప్పు."

ఆ రోజు చిత్తూరు బస్టాండులో నేనూ మా ఆవిడా దిగేసరికి వాళ్లిద్దరూ మా కంటే ముందే వచ్చి ఉన్నారు. అత్త కథలకు కట్టుకునే ఎర్ర పట్టుచీర కట్టింది. డెబ్బై దాటిన మనిషి, మెడలో దండ ఒక్కటే తక్కువ. మామ భుజాన కొత్త తువ్వాలు, చేతిలో మురుకుల సంచి. నలుగురం ఒక ఆటోలో ఇరుక్కుని కాలేజీకి చేరాం.

గేటు దగ్గరే నా పెద్ద సైజు పాటల అమ్మాయి నిలబడి ఉంది. జుట్టులో అక్కడక్కడా తెలుపు. నవ్వు మాత్రం అదే. నన్ను పక్కకు పిలిచి, "భయపడద్దన్నా, మా వాళ్లు మంచోళ్లే" అంది. అప్పటిదాకా లేని భయం అప్పుడు పట్టుకుంది.

హాలు నిండా పిల్లలు. మైకు ముందు నిలబడ్డాను. రాసుకున్న కాగితం చూస్తే అక్షరాలు ఈదుతున్నాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నేను ఇంజినీరును కాను. పాటలు ఎక్కించేవాణ్ణి" అన్నాను. ఎందుకో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో నోరు తెరుచుకుంది. ఒక కార్డులో వెయ్యి పాటలు కావాలని పోట్లాడిన లారీ డ్రైవరు గురించి, అంగడి మూసే వేళకు వచ్చి సుప్రభాతం ఒక్కటే కావాలని అడిగిన గుండు పెద్దాయన గురించి చెప్పాను. చెరుకూ, బెల్లమూ, పారేసే పిప్పీ చెప్పాను. మొదటి వరుసలో అత్త ప్రతి మాటకీ తల ఊపుతోంది, నేనేదో కథ చెబుతున్నట్టు.

తరువాత అత్త కథను చిన్న సైజులో వినిపించాను. ఆ వెంటనే పెద్ద సైజులో. తేడా తెలిసిందా అంటే సగం చేతులు లేచాయి. "ఫస్ట్ దాంట్లో చిడతలు ఇసక రాలినట్టు ఉండాయి సార్. రెండోదాంట్లో చిడతల మాదిరే ఉండాయి" అన్నాడు ఒక అబ్బాయి. నా పాటల అమ్మాయి నన్ను చూసి కళ్లెగరేసింది. తంబూరా కోసం పోట్లాడిన రోజుల లెక్క అప్పుడు తీరినట్టుంది ఆమెకు.

ఆ తరువాత ఆమె అత్తనూ మామనూ లేపి సభకు పరిచయం చేసింది. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మామకు ఊపు వచ్చింది. మైకు అందుకున్నాడు.

"బాబూ, ఈమె కథలు చెప్పేది మొదలుపెట్టి నలభై ఏండ్లు. ప్రతి సభలోనూ ఈమె ఎనకనే కూర్చోని సోడా అందించినోణ్ణి నేను. ఒక్క కథ గూడా తప్పిపోలా. ఒక్క అచ్చరం గూడా జారిపోలా. అంతా విన్నోణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే!"

మళ్లీ చప్పట్లు. మామ తువ్వాలు సర్దుకుని రాజులా కూర్చున్నాడు.

అప్పుడు ముందు వరుసలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న ఒక పిల్ల లేచింది. "సార్, ఆ పెద్ద ఫైలు నాకు ఒకసారి ఇస్తారా? గొంతు వేరే, మృదంగం వేరే, హార్మోనియం వేరే విడదీసి వినిపిస్తాను. ముందుముందు పాటలు ఇట్ల విడివిడిగానే వస్తాయంట సార్. వినేవాళ్లు వాళ్లకు కావాల్సింది పెట్టుకోవచ్చు."

ఇచ్చాను. ఐదు నిముషాలు కూడా పట్టలేదు. తెర మీద నాలుగు గీతలు కనిపించాయి. మొదటిది అత్త గొంతు. ఒంటరిగా, చుట్టూ ఏమీ లేకుండా, పదిహేనేళ్ల కిందటి గొంతు హాలంతా నిండింది. అత్త రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. రెండోది మృదంగం, చిడతలు కలిసి. మూడోది హార్మోనియం.

"నాలుగోది ఏందమ్మా?" అని అడిగాను.

"మిగతావి సార్. ఏ లెక్కలోకీ రాని సౌండ్లు."

పెట్టింది. ఒక కాకి. ఎవరిదో పసిబిడ్డ ఏడుపు. సోడా కొట్టిన చప్పుడు. కాసేపు నిశ్శబ్దం. ఆ తరువాత మెల్లగా, ఎక్కడో పాతాళంలోంచి వచ్చినట్టు: ఖుర్ర్ర్... ఫూ. ఖుర్ర్ర్... ఫూ.

స్పీకరు చెడిందేమో అనుకున్నాను. "మోటార్ పంపుసెట్టు" అని ఒక పిల్లవాడు అన్నాడు. "కాదురా, ఎనుము" అని ఇంకొకడు. హాలు చివర కూర్చున్న మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె భుజాలు ఎగిరిపడుతున్నాయి. భారతం రోజుల్లో ఆమె అత్త వాళ్లింట్లోనే ఉండింది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు.

అత్త మామ వైపు తిరిగి కూడా చూడలేదు. హాలంతటికీ వినబడేలా అంది: "అది మీ మామే."

మామ లేచాడు. "నేను కాదు! నా పక్కన ఎవరో..."

"నీ పక్కన యాడుండారు ఎవురన్నా? ఎనక నువ్వొక్కడివే గదా. ఇప్పుడే గదా మైకులో చెప్పినావు!"

హాలు పేలిపోయింది. అంతమంది ఒక్కసారిగా అలా నవ్వడం నేను ఎన్నడూ వినలేదు. నా పాటల అమ్మాయి వేదిక మెట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, మాట రాక చెయ్యి ఊపుతోంది. నేను ముఖ్య అతిథినన్న సంగతి మరిచిపోయి మైకు స్తంభాన్ని కావలించుకున్నాను. కళ్ల నీళ్లు కారుతున్నాయి. ఆగుదామని చూస్తే ఖుర్ర్ర్ అని మళ్లీ వస్తోంది, మళ్లీ మొదటికి.

నవ్వులు కొంచెం తగ్గాక ఆ పిల్ల చిన్న ఫైలును కూడా విడదీసింది. నాలుగో గీతలో కాకి కూడా సరిగా లేదు. గురక ఉండాల్సిన చోట బురదలాంటి సొద ఒకటి, అంతే.

"సార్, అంకుల్ పిప్పిలో పోయినారు!" అని అరిచాడు చిడతల అబ్బాయి. మళ్లీ హాలు పేలింది.

అప్పుడు అత్త మెల్లగా మెట్లెక్కి మైకు దగ్గరకు వచ్చింది. అందరూ సద్దుమణిగారు. మామ తల వంచుకుని మురుకుల సంచి ముడి విప్పుతూ కట్టుతూ ఉన్నాడు.

"నవ్వినారు, సంతోషం. ఇప్పుడు నా మాట వినండి నాయనా. మధ్యాన్నం కథ. ఎండపొద్దు. అందరూ కడుపు నిండా తిని వచ్చినోళ్లు. నా ముందర కూర్చోనుండేవాళ్లు మర్యాదకు కండ్లు తెరుచుకోనే ఉంటారు. లోపల నిద్రపోతాండారో, వింటాండారో నాకెట్ల తెలుస్తాది? నా ఎనక ఉండే ఈయనకు మర్యాద అక్కర్లేదు. ఈయన గురక మొదలైందంటే, కథ బరువెక్కింది, జనం జారిపోతాండారు, ఒక పిట్టకథ ఎత్తుకోవాల అని నాకు తెలిసిపోయేది. నలభై ఏండ్లు ఆ గురకను నమ్ముకోనే కథ చెప్పినా."

మామ తల ఎత్తాడు. నోరు తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

"నలభై ఏండ్లుగా ఈ మాట నాకు చెప్పలేదే నువ్వు!"

"చెప్తే నువ్వు మేలుకుంటావు గదా!"

ఇక ఆ తరువాత సభను ఎవరూ పట్టలేకపోయారు. నిజమో కాదో చూద్దామని ల్యాప్‌టాప్ పిల్ల నాలుగో గీతలో గురక ఉన్న చోట్లన్నీ వెతికి, అక్కడి నుంచి నాలుగు గీతలూ కలిపి పెట్టింది. గురక మొదలైంది. ఒకటి, రెండు, మూడు. అత్త గొంతు పద్యం మధ్యలో ఆగింది. "ఇట్లా ఉండంగా, ఒక ఊళ్లో ఒక అవ్వకు ఒక కుంటి కోడి ఉండేదంట..." హాలు గొల్లుమంది. రెండో చోటికి వెళ్లింది. పిల్లలందరూ ఊపిరి బిగబట్టారు. ఖుర్ర్ర్. "పిట్టకథా!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. అరుపు ఆగకముందే రికార్డులో అత్త, "ఇట్లా ఉండంగా..." అని అందుకుంది. ఆ మధ్యాహ్నపు కథలో నాలుగు గురకలు, నాలుగు పిట్టకథలు. నాలుగోసారి మామే అందరికంటే ముందు లేచి, తువ్వాలు తిప్పుతూ "పిట్టకథా!" అని అరిచాడు.

చివర్లో ఒక ప్రశ్న వచ్చింది. "సార్, రేపు ఫైలే ఉండదు కదా. అంతా నెట్‌లో విని వదిలేయడమే. ఇంక ఫార్మాట్ ఏదైతే ఏమి?"

నవ్వి నవ్వి నా తల తేలికగా ఉంది. తెలిసినట్టు మాట్లాడే ఓపిక కూడా లేదు. "నాకు తెలీదు నాయనా" అన్నాను. "తలకోన పక్క సిగ్నలు ఉండదు. ఆడి నుంచి ట్రాక్టరు డ్రైవర్లు ఇప్పుడు గూడా పెన్ డ్రైవ్ తీసుకోని నా దగ్గరికి వస్తారు. వాళ్లున్నంత కాలం ఫైలు ఉంటాది. ఎట్లుంటాదో మీరే చెయ్యాల. ఒక్కటి మాత్రం చెప్తా. పనికిరాదని ఏదన్నా తీసి పారేసే ముందు, దాంట్లో ఎవురుండారో ఒకసారి విని పారేయండి."

వాళ్లు కప్పిన శాలువాను అక్కడికక్కడే మామకు కప్పాను. పిల్లలు ఆయన చుట్టూ చేరి ఫోటోలు దిగారు. ఒకడు గురక పెట్టి చూపించమని బతిమాలాడు. ఆయన మురుకులు పంచాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్త, మా ఆవిడ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, మళ్లీ నవ్వడం. బస్టాండులో మామ నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

"అప్పా, నువ్వు ఇన్నేండ్లూ జనానికి ఎక్కించింది ఆ చిన్న దాన్నేనా? దాంట్లో నేను లేనా?"

"లేవు మామా."

"అట్లయితే ఇంక ఎవురన్నా అడిగితే పెద్దదే ఇయ్యి" అని, కార్వేటినగరం బస్సు కోసం తువ్వాలు దులుపుకుంటూ వెళ్లాడు.

తరువాత ఒక ఆదివారం నా పాటల అమ్మాయి పది మంది పిల్లలతో ఆ పల్లెకు వచ్చింది. అత్త కథను కొత్త పద్ధతిలో పట్టాలని. ఏ శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా గుర్తుపెట్టుకునే ఫార్మాట్ అట. ఎనిమిది మైకులు తెచ్చారు. వాటిలో ఒకదాన్ని ప్రత్యేకంగా మామ ముక్కు ముందు నిలబెట్టారు. అత్త సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టి అందరికీ కడుపు నింపి, గజ్జె కట్టి కథ ఎత్తుకుంది.

మామకు నిద్ర రాలేదు. ఆ మైకును చూస్తూ బిగుసుకుని, పెళ్లిపీటల మీద కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. గురక లేదు కాబట్టి అత్త పిట్టకథ ఎత్తుకోలేదు. కథ బరువెక్కుతూనే పోయింది. గంటన్నర అయ్యేసరికి మైకులు పట్టుకున్న పిల్లలు ఒక్కొక్కరే గోడకు ఒరిగిపోయారు. చిడతల అబ్బాయి అయితే ఏకంగా గురక మొదలుపెట్టాడు. ఆ చప్పుడు వినబడగానే అత్త పద్యం మధ్యలో ఆగి, ఒక క్షణం చెవి రిక్కించి, మొహమంతా వెలిగిపోతుండగా, "ఇట్లా ఉండంగా..." అంది.

ఆ ఫైలు వారం తరువాత నాకు పంపారు. నా అంగడి కంప్యూటరులో తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే నా పాటల అమ్మాయి, "కొత్త ఫార్మాట్ కదన్నా, నీ కంప్యూటరుకు ఇంకా తెలీదు. నేనొచ్చి చూస్తాలే" అంది. పాటల్ని నొక్కి ఎక్కించడంలో ఆ సందులో నన్ను మించినవాడు లేడని చెప్పాను కదా. కుర్చీలో వెనక్కి వాలి, ఆ తెరుచుకోని ఫైలును చూస్తూ చాలాసేపు నవ్వుకున్నాను.